పళ్లు కొరకడం: ఒత్తిడితో సంబంధం, ఉపశమన మార్గాలు

తిండి నమిలే పని లేనప్పుడు కూడా పై పళ్లను, కింది పళ్లను ఒరిపిడి పెట్టడం, గట్టిగా బిగబట్టడం, పళ్లు తగలకపోయినా దవడను బిర్రుగా పట్టి ఉంచడం పళ్లు కొరికే అలవాటు కిందికి వస్తాయి. వైద్యులు దీన్ని బ్రక్సిజం అంటారు. ఇది మెలకువలో ఒక రకంగా, నిద్రలో మరో రకంగా కనిపిస్తుంది. రెండింటిలోనూ పనిచేసే కండరాలు అవే అయినా వాటిని కదిలించే కారణాలు వేరు కాబట్టి ఉపశమన మార్గాలూ వేరే. మెలకువలో బిగించడం చాలావరకు అలవాటు. గమనించగలిగితే మార్చుకోవచ్చు. నిద్రలో కొరకడం మనిషి అదుపులో ఉండదు. అక్కడ ముందుగా చేయాల్సినవి పళ్లను కాపాడుకోవడం, నిద్రను చెడగొట్టే వాటిని తొలగించడం.

2013లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం పెద్దవారిలో మెలకువలో పళ్లు బిగించేవారు 22 నుంచి 31 శాతం, నిద్రలో తరచుగా కొరికేవారు సుమారు 13 శాతం ఉంటారు. నిద్రలో కొరకడంలో ఆడ, మగ తేడా పెద్దగా కనిపించదు. వయసు పైబడేకొద్దీ అది తగ్గుతుంది.

వైద్యుల అవగాహన మారిన తీరు

ఐరోపా దంతవైద్యులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ సమస్యను గుర్తించారు. 1907లో మారీ, పీట్‌కీవిచ్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు దీనికి బ్రక్సోమానీ అని పేరు పెట్టారు. బ్రక్సిజం అనే మాట 1931లో వాడుకలోకి వచ్చింది. తర్వాత చాలాకాలం పాటు పళ్ల ఎత్తుపల్లాలే దీనికి మూలమని దంతవైద్యులు నమ్మారు. 1961లో దంతవైద్య పరిశోధకుడు రామ్‌ఫ్యోర్డ్ ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకానికి బలమిచ్చింది. పళ్లను అరగదీసి సమం చేస్తే కొరకడం ఆగిపోతుందని భావించి ఎందరికో అలాంటి చికిత్స చేశారు.

నిద్రను యంత్రాలతో నమోదు చేసే ప్రయోగశాలలు వచ్చాక ఈ అభిప్రాయం నిలబడలేదు. కొరకడాన్ని నడిపేది పళ్ల అమరిక కాదని, మెదడూ నాడీమండలమూ అని తేలింది. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక ఏకాభిప్రాయ పత్రం వెలువరించింది. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో పళ్లు కొరకడాన్ని జబ్బుగా కాక కండరాల ప్రవర్తనగా చూడాలని, అది పళ్లకు, దవడకు హాని చేసే స్థాయికి చేరినప్పుడే చికిత్స ఆలోచించాలని అందులో సూచించారు.

మెలకువలో బిగించడం

దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉంటాయి కానీ పళ్లు కలవవు. పై, కింది పళ్ల మధ్య సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. నమలడం, మింగడం అన్నీ లెక్కవేసినా రోజు మొత్తం మీద పళ్లు ఒకదానికొకటి తగిలి ఉండాల్సిన సమయం దాదాపు 20 నిమిషాలే. మనసు మీద భారం ఉన్నవారిలో ఈ లెక్క తప్పుతుంది. కంప్యూటర్ ముందు గడువు లోపు పని ముగించాల్సినప్పుడు, ట్రాఫిక్‌లో బండి నడుపుతున్నప్పుడు, పరీక్షకు చదువుతున్నప్పుడు, కోపాన్ని దిగమింగుకున్నప్పుడు దవడ దానంతటదే బిగుసుకుంటుంది. శబ్దం రాదు కాబట్టి పక్కవారికీ, తనకూ తెలియదు. సాయంత్రానికి చెంపలు బరువెక్కి కణతలు లాగుతుంటే తప్ప గుర్తురాదు.

ఒత్తిడి, ఆందోళనలతో గట్టి సంబంధం కనిపించేది ఈ పగటి బిగింపులోనే. శరీరం ముప్పును ఎదుర్కోవడానికి సిద్ధమైనప్పుడు మెడ, భుజాలు, దవడ కండరాలు బిగుసుకోవడం సహజం. ముప్పు తీరాక అవి వదులవాలి. తెగని ఆందోళనలో ఉన్నవారికి ఆ వదులు రాదు. కోవిడ్ కాలంలో ఇది స్పష్టంగా బయటపడింది. 2021 ఆరంభంలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిర్వహించిన సర్వేలో, పళ్లు కొరికే, బిగించే రోగులు పెరిగారని 70 శాతానికి పైగా దంతవైద్యులు చెప్పారు.

నిద్రలో కొరకడం

నిద్రలో మెదడు అప్పుడప్పుడు కొన్ని సెకన్ల పాటు తేలికగా మేల్కొంటుంది. మనిషికి ఆ సంగతి తెలియదు. ముందుగా నాడీమండలం చురుకవుతుంది, మెదడు తరంగాల వేగం పెరుగుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఆ తర్వాత దవడ కండరాలు లయబద్ధంగా ముడుచుకుంటాయి. ఇలాంటి కదలికలు మామూలు మనుషుల్లోనూ సగం మందికి పైగా ఉంటాయి. పళ్లు కొరికేవారిలో అవి ఎక్కువసార్లు, ఎక్కువ బలంతో వస్తాయి. ఎక్కువ భాగం తేలిక నిద్ర దశల్లోనే జరుగుతాయి. మెలకువలో నొప్పి పుడితే కొరకడం ఆపుతాము. నిద్రలో ఆ కట్టడి సడలుతుంది కాబట్టి కొందరు మెలకువలో కావాలని కొరికిన దానికన్నా ఎక్కువ బలంతో కొరుకుతారు.

ఈ రకానికి ఒత్తిడితో ఉన్న సంబంధం పగటి బిగింపుతో ఉన్నంత గట్టిది కాదు. వంశపారంపర్యం, పొగతాగడం, మద్యం, కాఫీ టీలు అతిగా తాగడం, గురకతో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా, ఆమ్లం పైకి తన్నే జబ్బు వంటివాటికి ఇందులో పాత్ర ఉంది. కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సిటీన్, పారాక్సిటీన్, సెర్ట్రలీన్, వెన్లాఫాక్సిన్ వంటి మందులతోనూ కొందరికి ఇది మొదలవుతుంది. అలాంటివారు మందును సొంతంగా మానేయకూడదు. రాసిన డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు.

గుర్తులు, నిర్ధారణ

నిద్రలో కొరికే శబ్దాన్ని సాధారణంగా మొదట వినేది పక్కన పడుకున్నవారే. పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టుండటం, కణతల దగ్గర తలనొప్పి, చల్లనీళ్లు తగిలితే పళ్లు జివ్వుమనడం, ఫిల్లింగులు, క్యాపులు తరచూ ఊడటం లేదా పగలడం దీని లక్షణాలు. డాక్టరు నోటిలో చూస్తే కోరపళ్ల మొనలు అరిగి చదునై ఉంటాయి. బుగ్గ లోపలి వైపు తెల్లటి గీత, నాలుక అంచున పళ్ల నొక్కులు కనిపిస్తాయి. కొందరిలో చెంప కండరం పెరిగి ముఖం వెడల్పుగా కనిపిస్తుంది. పంటిపై ఉండే ఎనామిల్ అరిగితే తిరిగి పెరగదు కాబట్టి తొలిదశలోనే గుర్తించడం ముఖ్యం.

అయితే అరిగిన పళ్లన్నీ కొరకడం వల్ల అరిగినవి కావు. పుల్లటి పానీయాలు, ఆమ్ల వాంతులు, బ్రష్‌తో గట్టిగా రుద్దడం, వయసు వల్ల కూడా అరుగుతాయి. రోగి చెప్పిన మాటలకు నోటి పరీక్ష తోడైతే కొరకడం ఉండే అవకాశం బలపడుతుంది. కచ్చితంగా తేల్చాలంటే కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసే నిద్ర పరీక్ష అవసరం. ఖర్చుతో కూడిన ఆ పరీక్షను స్లీప్ ఆప్నియా అనుమానం ఉన్నవారికే ఎక్కువగా సూచిస్తారు.

పగటి బిగింపును వదిలించుకోవడం

మొదటి మెట్టు గమనించడం. రెండు చేతివేళ్లను కణతల మీద, ఆ తర్వాత చెవి ముందు చెంప మీద ఆనించి పళ్లు బిగిస్తే కండరం ఉబికి గట్టిపడటం తెలుస్తుంది. వదిలేస్తే మెత్తబడుతుంది. ఈ రెండు స్థితుల తేడా తెలిశాక రోజులో పలుమార్లు దవడను పరీక్షించుకోవాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోవడం, కంప్యూటర్ అంచున రంగు చుక్క అంటించుకోవడం, ఎర్రలైటు దగ్గర ఆగిన ప్రతిసారీ చూసుకోవడం పనికొచ్చే ఉపాయాలు.

బిగింపు కనిపించినప్పుడు దవడను విశ్రాంతి స్థితికి తేవాలి. "న" అక్షరం పలికేటప్పుడు నాలుక కొన ఆనే చోట, అంటే పై ముందుపళ్ల వెనక, నాలుకను మెల్లగా ఉంచాలి. పెదవులు కలిపి, పళ్లు విడిగా ఉంచి, భుజాలు దించి, ముక్కుతో నిదానంగా ఊపిరి వదలాలి. నాలుక ఆ స్థానంలో ఉంటే పళ్లు గట్టిగా బిగించడం కష్టం. పాత అలవాటును గుర్తించి, దానితో కలిసి సాగలేని మరో చర్యను దాని స్థానంలో అలవాటు చేసుకునే ఈ పద్ధతిని అజ్రిన్, నన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1973లో శాస్త్రీయంగా ప్రతిపాదించారు. టిక్స్ (అదుపులేని కండరాల కుదుపులు), గోళ్లు కొరకడం వంటి అలవాట్లకూ అదే వాడతారు. ఫలితం ఒక్కరోజులో రాదు, వారాల తరబడి సాధన కావాలి.

దవడ నొప్పిగా ఉన్న రోజుల్లో చూయింగ్ గమ్, వక్కలు, చెరకు, గట్టి జంతికల వంటివి మానాలి. పెన్ను కొరకడం, ఫోన్‌ను భుజానికీ దవడకూ మధ్య ఇరికించి మాట్లాడటం తగ్గించాలి. గోరువెచ్చటి గుడ్డ కాపడం, చెంప కండరాన్ని వేళ్లతో గుండ్రంగా మర్దన చేయడం ఉపశమనమిస్తాయి.

రాత్రికి రక్షణ

నిద్రకు ముందు గంటసేపు ఆఫీసు పనులు, వాదనలు, ఫోన్ తెర దూరం పెట్టడం, సాయంత్రం తర్వాత కాఫీ టీలు మానడం, మద్యం, పొగ వదలడం, రోజూ ఒకే వేళకు పడుకోవడం మేలు. షిఫ్టులు మారుతూ పనిచేసేవారికి వేళ కుదరకపోయినా గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచుకోవడం సాధ్యమే. పాదాల నుంచి ముఖం దాకా ఒక్కో కండరాన్ని బిగించి వదిలే సాధనను అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1920ల్లో రూపొందించాడు. ఇది మనసును నెమ్మదింపజేసి నిద్రకు తోడ్పడుతుంది. అయితే దీనివల్ల నిద్రలో కొరకడం తగ్గుతుందన్న ఆధారాలు పరిమితం.

పళ్లకు నేరుగా రక్షణ ఇచ్చేది నైట్ గార్డ్. పళ్ల అచ్చు తీసుకుని గట్టి అక్రిలిక్‌తో దీన్ని తయారుచేస్తారు. రాత్రి తొడుక్కుంటే ఒరిపిడి పంటి మీద కాక దాని మీద పడుతుంది. కొరకడాన్ని ఇది ఆపుతుందనడానికి చాలినన్ని ఆధారాలు లేవని 2007లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. పళ్ల అరుగుదలను అరికట్టడంలో మాత్రం ఉపయోగం ఉండవచ్చని చెప్పింది. దుకాణాల్లో దొరికే మెత్తటి గార్డులు సరిగా అమరకపోతే కొరికే తలంలో తేడా రావచ్చు కాబట్టి కొలత ప్రకారం చేయించుకోవడం మంచిది. రోజూ కడిగి, ఆరబెట్టి, దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లాలి. స్లీప్ ఆప్నియా ఉన్నవారికి కొన్ని రకాల గార్డులు శ్వాస ఇబ్బందిని పెంచే అవకాశం ఉన్నందున ముందు దాన్ని పరీక్షించుకోవాలి.

చెంప కండరంలోకి ఇచ్చే బోటులినమ్ ఇంజెక్షన్ కొరికే బలాన్ని కొన్ని నెలలు తగ్గిస్తుంది. నిద్రలో కొరకడానికి ముందు వచ్చే క్షణకాలపు మేల్కొలుపులను అది ఆపదు. పదే పదే వాడితే కండరం సన్నబడుతుంది, దవడ ఎముకపై ప్రభావం గురించీ సందేహాలున్నాయి. మిగతా మార్గాలు ఫలించని తీవ్రమైన కేసులకే దాన్ని పరిమితం చేయడం మేలు. కొరకడం ఆపడానికని ఆరోగ్యంగా ఉన్న పళ్లను అరగదీయించుకోవడం అనవసరం, అది సరిదిద్దుకోలేని నష్టం.

పిల్లల్లో

చిన్నపిల్లలు నిద్రలో పళ్లు కొరకడం చాలా మామూలు. కడుపులో నులిపురుగులుంటేనే కొరుకుతారన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. ఈ సంబంధానికి స్థిరమైన ఆధారం లేదు. నులిపురుగుల మాత్ర పిల్లల పోషణ కోసం వేయించాల్సిందే కానీ దానితో కొరకడం ఆగుతుందని ఆశించకూడదు. చాలామందిలో కౌమారం నాటికి అలవాటు దానంతటదే తగ్గుతుంది. దవడ ఎదుగుతూ ఉంటుంది కాబట్టి పిల్లలకు సాధారణంగా నైట్ గార్డ్ వేయరు. పెద్ద గురక, నోటితో ఊపిరి పీల్చడం ఉంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ కోసం చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. బడిలో, ఇంట్లో భయపెట్టే విషయం ఏదైనా ఉందేమో ఓపికగా అడిగి తెలుసుకోవడం అంతే ముఖ్యం.

వైద్య సహాయం ఎప్పుడు

నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, నోరు తెరిచేటప్పుడో మూసేటప్పుడో దవడ మధ్యలో పట్టేసినా, పన్ను చీలినట్టు అనిపించినా దంతవైద్యుడిని కలవాలి. గుట్కా, వక్కపొడి నమిలేవారికి నోరు క్రమంగా తక్కువ తెరుచుకుంటుంటే అది పళ్ల కొరుకుడు వల్ల అనుకోరాదు. క్యాన్సర్‌కు దారితీయగల సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు. ఛాతీ బరువుగా ఉండి, చెమటలతో పాటు దవడలోకి నొప్పి పాకితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అది గుండెపోటు లక్షణం కావచ్చు.

ఆందోళన, నిద్రలేమి రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తుంటే దంత చికిత్స ఒక్కటే సరిపోదు. మనస్తత్వ నిపుణుల దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉపయోగపడుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవలో 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.