మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో చేతుల పునరావాసానికి వర్చువల్ రియాలిటీ ఆటలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనగా రోగనిరోధక వ్యవస్థయే మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువులపై ఉండే మైలిన్ పొరను దెబ్బతీసే వ్యాధి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీనిని వివరించాడు. చేతులు బలహీనపడి లేదా వణికి, అన్నం కలుపుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం వంటి పనులు కష్టమవుతాయి.

విధానం

తెరపై కనిపించే వస్తువులను అందుకోవడానికి వ్యాధిగ్రస్తులు చేయి కదుపుతారు. కెమెరా ఆ కదలికను గుర్తించి ఫలితాన్ని వెంటనే చూపుతుంది. 2010లో విడుదలై, 2017లో ఉత్పత్తి నిలిచిపోయిన ఎక్స్‌బాక్స్ కైనెక్ట్‌ను కూడా ఇందుకు వాడారు. విసుగు కలగకుండా ఒకే కదలికను పలుమార్లు చేయించడం ఈ ఆటల ప్రధాన ప్రయోజనం.

ఫలితాలు, పరిమితులు

తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు గుచ్చి తీయడానికి పట్టే సమయాన్ని బట్టి ప్రగతిని కొలుస్తారు. ఆట మైలిన్‌ను బాగుచేయదు. అభ్యాసం ద్వారా చేతి వాడుకను మెరుగుపరచడమే లక్ష్యం. కనుక ఇది ఫిజియోథెరపీకి తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. ఈ వ్యాధిలో అలసట అధికం కాబట్టి మధ్యమధ్య విశ్రాంతి అవసరం.