దూరపు విలువ: ఉంచుటయా, త్రోసివేయుటయా?

1846లో అమెరికాలోని వాషింగ్టన్ నగరమున హెర్న్‌డన్ అను నౌకాదళాధికారి శుక్రగ్రహ బింబముయొక్క నిలువు వ్యాసార్ధమును పదునైదు పర్యాయములు కొలిచెను. హార్వర్డులో గణితాచార్యుడైన బెంజమిన్ పీర్స్ ఆ కొలతలను తీసికొని, ప్రతి కొలతకును, లెక్కప్రకారము రావలసిన విలువకును గల భేదమును కట్టెను. దీనికి శేషమని పేరు. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. వికలలలో ఆ శేషములను చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా పేర్చినచో ఇట్లుండును:

−1.40, −0.44, −0.30, −0.24, −0.22, −0.13, −0.05, 0.06, 0.10, 0.18, 0.20, 0.39, 0.48, 0.63, 1.01.

మొదటి సంఖ్యను చూడుడు. దానికి పొరుగున నున్నది −0.44. నడుమ దాదాపు ఒక వికల ఖాళీ! తక్కినవన్నియు గుంపుగా నుండగా ఇది యొక్కటి ఊరిబయట ఇల్లు కట్టుకొన్నట్లున్నది. దీనిని లెక్కలో ఉంచవలెనా, త్రోసివేయవలెనా?

రెండు విధముల లెక్కించి చూతము. పదునైదింటి సగటు 0.018. −1.40ని తొలగించినచో మిగిలిన పదునాల్గింటి సగటు 0.119. అనగా ఒక్క సంఖ్య తొలగుటతో సగటు ఆరు రెట్లకు మించి పెరిగినది. ఇక వరుసలో నట్టనడుమ నుండు విలువ, అనగా మధ్యగతము, మొదట 0.06, తొలగించిన పిమ్మట 0.08. అది ఇంచుమించు కదలలేదు. మిక్కిలి తరచుగా వచ్చు విలువకు బాహుళకమని పేరు. ఇచ్చట ఏ విలువయు రెండుసార్లు రాలేదు గనుక బాహుళకమే లేదు. అర వికల చొప్పున గుంపులు కట్టినచో సున్నకు ఇరువైపుల ఆరేసి విలువలుండును. −1.40 ఉన్నను, పోయినను ఆ లెక్క మారదు.

కారణము సులభము. సగటు తక్కెడవంటిది, దూరమున నున్న బరువు కాడను ఎక్కువగా వంచును. మధ్యగతము తలలు లెక్కించును గాని దూరములు కొలువదు. వ్రాయసకాని చేతిలో దశాంశ బిందువు జరిగి −1.40 కాస్త −14.0 అయినదనుకొనుడు. సగటు −0.822కు పడిపోవును. మధ్యగతము మాత్రము 0.06గానే నిలుచును.

ఈ చిక్కు పీర్స్‌తో పుట్టినది కాదు. భూమి ఆకృతిని నిర్ణయింపబూనిన బోస్కోవిచ్, 1755లో తనకు వచ్చిన పది ఫలితములలో విపరీతమైన రెంటిని విడిచి సగటు కట్టి చూచెను. అది తృప్తి నీయలేదేమో, 1757లో వేరొక మార్గము పట్టెను: శేషముల గుర్తులు విడిచి వాని మొత్తము కనిష్ఠమగునట్లు చేయుట. ఒకే రాశిని కొలుచునప్పుడు ఈ పద్ధతి మధ్యగతమునకే దారితీయును.

డానియల్ బెర్నూలీ 1778లో ప్రకటితమైన వ్యాసమున, కొలుచు సమయమున ప్రమాదమేదైన తెలిసినచో ఆ కొలతను విడువవచ్చును గాని, ఫలితము నచ్చలేదని విడువరాదనెను. బెస్సెల్, బేయర్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1838లో, శేషము పెద్దదన్న కారణముచేత తాము ఏ పరిశీలనను త్రోసివేయలేదని చాటిరి.

అయినను 1852లో పీర్స్, సంభావ్యతా సిద్ధాంతము నాధారముగా గొని, త్రోసివేతకు ఒక నియమము నేర్పరచెను. హెర్న్‌డన్ కొలతలే అందులకు ఉదాహరణము. 1856లో గ్రీనిచ్ ఖగోళాధిపతి ఎయిరీ దీనిని గట్టిగా ఆక్షేపించెను. ఆక్షేపణలో బలమున్నది. చేయి వణకెనో, మబ్బు పట్టెనో సంఖ్య తనంతట చెప్పదు. పైగా −1.40 పోయిన వెంటనే 1.01 మీద అనుమానము కలుగును. అది పోయిన తరువాత ఎవరి వంతు?

మరి మధ్యగతమునే ఏల పట్టుకొనరాదు? 1887లో ఎడ్జ్‌వర్త్ అను పండితుడు దానిని సమర్థించెను. కాని అదియు ఉచితముగా రాదు. దోషములు గౌస్ చెప్పిన నియమము ననుసరించినచో, నూరు కొలతల మధ్యగతమునకు గల నిలుకడ సుమారు అరువది నాల్గు కొలతల సగటునకే కలుగును. అనగా మూడవవంతుకు మించిన శ్రమ వృథా. చలిరాత్రులయందు మేలుకొని కొలిచినవారికి ఇది చిన్న నష్టము కాదు.

1960లో అమెరికను శాస్త్రజ్ఞుడు టూకీ, దూరపు విలువలు కొంతమేర కలిసినచో సగటునకు గల ఈ ఆధిక్యము హరించిపోవునని చూపెను. 1964లో స్విట్జర్లాండు గణితజ్ఞుడు హ్యూబర్ నడిమి మార్గము చూపెను: దగ్గరి విలువలను సగటులోవలెనే గణించి, దూరపు విలువల లాగుడునకు హద్దు పెట్టుట. త్రోసివేతయు లేదు, దాసోహమును లేదు.

కావున సగటు నొక్కదానినే చూచి తృప్తిపడక, మధ్యగతమును గూడ ప్రక్కన వ్రాసికొనుట మంచిది. రెండును దూరదూరముగా నున్నచో లెక్కను ఆపి, వరుస చివర నున్న సంఖ్య ఎట్లు వచ్చినదో విచారింపవలెను. విచారింపక చెరపివేసిన సంఖ్య పొరపాటో, సత్యమో ఇక ఎవరికిని తెలియదు.