అరకు రైలులో అద్దాల పెట్టె రిజర్వేషన్

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలుకు తగిలించే విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో ముందే రిజర్వేషన్ చేయించుకున్నవారికే సీటు. 2017 ఏప్రిల్‌లో మొదలైన తొలి పెట్టెలో సీట్లు 40 మాత్రమే. పైకప్పులోనూ అద్దాలుంటాయి. సీటును ఎటు కావాలంటే అటు తిప్పుకుని, లోయ ఏ పక్కన వస్తే ఆ పక్కకే కూర్చోవచ్చు.

ఈ దారి పర్యాటకుల కోసం వేసింది కాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన లైను ఇది. కొత్తవలస దాటి కొండెక్కడం మొదలయ్యాక సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చీకట్లోంచి బయటపడగానే కాఫీ తోటలు, బొర్రా గుహల స్టేషన్, ఆపైన దాదాపు 996 మీటర్ల ఎత్తున షిమిలిగూడ. అద్దాల పెట్టెకు ఇంత గిరాకీ ఊరికే రాలేదు.

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. శీతాకాలంలో వెళ్లాలంటే బుకింగ్ తెరుచుకున్న రోజునే బుక్ చేయడం మేలు. ఆన్‌లైన్ టికెట్ చార్టు తయారయ్యాకా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది, డబ్బు ఖాతాకు తిరిగి వస్తుంది.

సీటు దొరకనివారికి అదే రైలులో జనరల్ పెట్టెలున్నాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు.