అహ్మదాబాద్ మూగ్ స్టూడియో

భారతదేశపు తొలి ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మొదలైంది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఇక్కడ మూగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను నెలకొల్పాడు. దీని వెనుక ఉన్న ప్రేరణ పఖవాజ్ వాద్యకారిణి గీతా సారాభాయ్‌ది. 1946లో న్యూయార్క్‌లో స్వరకర్త జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ఆయనకు మన సంగీతం నేర్పిన మనిషి ఆమె.

మూగ్ సింథసైజర్‌లో స్వరాన్ని నడిపేది విద్యుత్తు. ఒక వోల్టు పెంచితే మంద్ర షడ్జం మధ్య షడ్జమవుతుంది. నాదాన్ని పుట్టించే భాగం, వడకట్టే భాగం, హెచ్చుతగ్గులు దిద్దే భాగం వేరువేరుగా ఉంటాయి. వాటిని తీగలతో కలుపుకోవాలి. తీగ మారిస్తే వాద్యమే మారిపోతుంది. వేడికి శ్రుతి జారుతుంది కాబట్టి, కచేరీలో వాయించేవారి చెవి క్షణమైనా ఏమరకూడదు. అనలాగ్ సింథసైజర్ ప్రత్యక్ష ప్రదర్శనలోని అసలు ఉత్కంఠ ఇదే.

గీతా సారాభాయ్‌తోపాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఇక్కడ ప్రయోగాలు చేశారు. సినిమా పాటల చరిత్రకు దక్కిన శ్రద్ధలో పిసరంత కూడా వీరికి దక్కకపోవడం అన్యాయం.

డిజైన్ సంస్థ భాండాగారంలో ఉండిపోయిన వీరి టేపులను బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గాస్ వెలికితీశాడు. 1969-72 నాటి రచనలు 2023లో సంకలనంగా విడుదలయ్యాయి.