కోనసీమ ఉప్పునేలలు: మురుగుకాలువ చెప్పే చరిత్ర

గౌతమీ, వశిష్ఠ పాయల నడుమ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన సీమ కోనసీమ. దీని సేద్యచరిత్రను సాధారణంగా 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆరంభిస్తారు. అది సగం చరిత్ర మాత్రమే. కాలువ తెచ్చిన నదీజలం నేలలోని ఉప్పును కరిగిస్తుంది. ఆ ఉప్పు పొలం దాటిపోవాలంటే మురుగుకాలువ పారాలి. దాని ముఖద్వారం ఇసుకతో పూడితే మురుగు నిలిచి భూగర్భజల మట్టం పెరుగుతుంది. వేసవిలో తేమ ఆవిరై ఉప్పు పైపొరలో మిగులుతుంది.

ఉప్పును తట్టుకొనే శక్తి అన్ని మొక్కలకూ సమానం కాదు. మడచెట్లు ఉప్పునీటిలోనే పెరుగుతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం అధ్యయనం చేసే కొబ్బరి కొంతమేర తట్టుకొంటుంది. వరికి ఆ శక్తి తక్కువ. అందువల్ల చౌడు పెరిగితే ముందుగా నష్టపోయేది వరి రైతే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతోపాటు మురుగు పారుదల లోపమూ నాటి చర్చలో వినిపించింది.

కనుక కోనసీమ పర్యావరణ చరిత్రకారులు ఆనకట్ట దస్త్రాలతోపాటు మురుగుకాలువల దస్త్రాలనూ పరిశీలించడం అవసరం. నీరు వచ్చిన దారి సిరిని వివరిస్తుంది. నీరు పోలేని దారి నష్టాన్ని వివరిస్తుంది.