పొంతన లేని మాటలు: స్కిజోఫ్రీనియా చరిత్రలో ఒక అధ్యాయం

"పొంతన లేని మాటలు" అని మనం విసుగుతో అనే ఆ మాటల వెనుక కారణాన్ని వెదకడానికి వైద్యశాస్త్రం వందేళ్లకు పైగా శ్రమించింది. ఆ చరిత్ర తెలిస్తే, ఇంట్లోని రోగిని మీరు చూసే దృష్టి మారుతుంది.

19వ శతాబ్దం చివర జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఈ వ్యాధిని 'డిమెన్షియా ప్రీకాక్స్' అన్నాడు. యౌవనంలోనే మొదలై బుద్ధిని క్షీణింపజేసే జబ్బు అని అతని భావన. కొందరు రోగులలో మాటల గందరగోళమే ప్రధానంగా ఉండటం గమనించి, దానికి 'స్కిజోఫేసియా' అని పేరు పెట్టాడు.

1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 'స్కిజోఫ్రీనియా' అనే పదాన్ని ప్రతిపాదించాడు. గ్రీకు భాషలో చీలిక, మనస్సు అనే అర్థాలున్న పదాల కలయిక అది. ఒకే మనిషిలో ఇద్దరుండటం అని దాని అర్థం కాదు. ఆలోచనకూ ఆలోచనకూ మధ్యనుండే బంధం సడలడమే వ్యాధికి మూలలక్షణమనీ, భ్రమలు, చెవిలో వినిపించే గొంతులు ఆ తరువాతివేననీ ఆయన వాదించాడు.

ఒక ఉదాహరణ ఊహించండి. "అన్నం తిన్నావా?" అని అడిగితే, "అన్నం తెల్లన, తెల్లకాగితం మీద సంతకం పెట్టకూడదు, సంతకు వచ్చినవాళ్లంతా నన్నే చూశారు" అని జవాబు వస్తుంది. వర్ణసామ్యమో శబ్దసామ్యమో ఆలోచనను పక్కదారి పట్టించింది. మరికొందరు కొత్త పదాలు కల్పిస్తారు. ఇంకొందరు ఒక్క ముక్కతో ఊరుకుంటారు. దానిని పొగరనుకోవడం పొరపాటు.

సాహిత్యంలో డాక్టరేటు పొంది, ఆపై వైద్యురాలైన అమెరికన్ నాన్సీ ఆండ్రియాసెన్ 1979లో ఇటువంటి 18 లక్షణాలను నిర్వచించారు. వాటిలో అనేకం మేనియా రోగులలోనూ కనిపిస్తాయని ఆమె పరిశీలనలో తేలింది. కనుక మాటను బట్టి మాత్రమే వ్యాధిని నిర్ణయించరాదు. ఇన్నాళ్లూ చక్కగా మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి మాట తడబడితే అది పక్షవాతమో, రక్తంలో చక్కెర పడిపోవడమో కావచ్చు. తక్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

1952లో క్లోర్‌ప్రోమజీన్ రాకతో మందుల యుగం ఆరంభమైంది. నేడు చికిత్సతో పలువురి మాట తిరిగి గాడిన పడుతోంది. అయినా మన ఊళ్లలో రోగిని ముందుగా భూతవైద్యుని వద్దకు తీసుకువెళ్లే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలా జారిపోయిన నెలల మూల్యం రోగి చెల్లిస్తాడు.

రోగి మాటలకు నవ్వకండి, వాదించకండి. చిన్న వాక్యాలలో నెమ్మదిగా మాట్లాడండి. మానసిక వైద్యుని సంప్రదించండి. దారి తోచకుంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ. ఆ మాటల పొంతన తెగింది గాని, మాట్లాడే మనిషి మీవాడే.