పంట తాగిన నీరెంత?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సాగునీటి హక్కును అమ్ముకోవచ్చు. పొలం తన దగ్గరే ఉంచుకుని నీళ్లు మాత్రం నగరానికి రాసిచ్చిన రైతులు అక్కడ బోలెడుమంది. అయితే బేరం నీటి కోర్టుకు చేరగానే డిక్రీ కాగితానికున్న బలం సగం పోతుంది. కాగితం మీది క్యూసెక్కులు పక్కన పెట్టి, ఇన్నేళ్లుగా మీ పంట నిజంగా తాగిందెంతో చెప్పమంటారు. 1920 జులైలో ఒక పశుగ్రాసపు మడి ఎంత నీరు తాగిందో ఇవాళ ఎవరు చెప్పగలరు? చెప్పక తప్పదు కాబట్టి అదే ఒక శాస్త్రమై కూర్చుంది.

అక్కడ ఇప్పటికీ పారుతున్న కాలువల్లో అన్నిటికన్నా పాతది శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్, 1852 నాటిది. ముందు తవ్వినవాడిదే ముందు హక్కు అన్న పద్ధతి 1876 రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది, 1882లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. 1879, 1881 చట్టాల కింద ఎవరి వాటా ఎంతో కోర్టులు తేల్చడం మొదలుపెట్టాయి. తేల్చడమంటే ఏముంది, కాలువ ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత పారగలదు అని సాక్షులు చెప్పడమే. కాలువ మోయగలిగే నీరు వేరు, పొలానికి కావలసిన నీరు వేరు. ఆ తేడా పట్టించుకోకుండా చేతికి ఎముక లేనట్టు డిక్రీలు ఇచ్చేశారు. నదిలో ఉన్న నీటికన్నా కాగితాల మీది నీరే ఎక్కువైంది.

1891లో కొలరాడో స్ప్రింగ్స్ నగరం కొన్న సాగు హక్కులు సుప్రీంకోర్టుకెక్కాయి. హక్కును పొలం నుంచి విడదీసి అమ్మవచ్చు, పట్నం అవసరాలకు వాడుకోవచ్చు, కానీ మిగతా హక్కుదారులకు నష్టం కలగకూడదు అంది కోర్టు. ఆ చివరి మాటే తర్వాతి కథంతా నడిపింది. నష్టం ఎలా కలుగుతుందో తెలియాలంటే పొలంలో పెట్టిన నీరు ఎక్కడికి పోతుందో తెలియాలి. ఫోర్ట్ కాలిన్స్‌లో ఇరిగేషన్ ఇంజనీరింగ్ బోధించిన లూయీ కార్పెంటర్ 1896లో దానిమీదే ఒక నివేదిక అచ్చువేశాడు. సాగు పెరిగేకొద్దీ దిగువన నదిలోకి ఊట నీరు వచ్చి చేరుతోందని కొలిచి చూపించాడు. ఎగువ రైతు పొలంలో ఇంకినది దిగువ రైతు తూములో తేలుతోందన్నమాట. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ ఆయువుపట్టు ఆ చిన్న నివేదికే.

అదే ఊళ్లో 1920లలో రాల్ఫ్ పార్షల్ ఒక కొలత తొట్టి తయారుచేశాడు. మధ్యలో సన్నబడే ఆ తొట్టిలో నీటి మట్టం చదివితే చాలు, ప్రవాహం ఎంతో తెలిసిపోతుంది. దాంతో కాలువ తల దగ్గర ఎంత మళ్లిందో తెలిసింది. పంట ఎంత తాగిందో మాత్రం తెలియలేదు.

ఆ ఖాళీని హ్యారీ బ్లేనీ, వేన్ క్రిడిల్ పూరించారు. న్యూమెక్సికోలో పెకోస్ నది పరిశోధనల్లో మొదలైన వాళ్ల సూత్రం 1950లో పూర్తి రూపంలో వచ్చింది. నెల సగటు ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో తీసుకో, ఏడాది పగటి గంటల్లో ఆ నెల వాటాతో గుణించు, ఆపైన పంట గుణకంతో గుణించు, అంతే. జులై సగటు 72 డిగ్రీలు, పగటి వాటా 10 శాతం అనుకుంటే 7.2, అల్ఫాల్ఫా పశుగ్రాసానికి 0.85 గుణకం వేస్తే సుమారు 6.1 అంగుళాలు. బ్రిటన్‌లో పెన్‌మన్ 1948లోనే ఎండ, గాలి, తేమ అన్నీ లెక్కలోకి తీసుకునే మెరుగైన సూత్రం ఇచ్చాడు. కానీ 1920లో పొలం గట్టున గాలి వేగం కొలిచిందెవరు? థర్మామీటరు రీడింగులు మాత్రం చాలాచోట్ల రాసిపెట్టి ఉన్నాయి. అందుకే గతాన్ని లెక్కకట్టే పనిలో మంచి సూత్రం ఓడి, మోటు సూత్రం గెలిచింది. ఎత్తయిన కొండల పచ్చిక బయళ్లలో అది తక్కువ చూపుతోందని పంట తాగే నీటిని కొలిచే లైసీమీటర్లు పెట్టి గుణకాలు సరిదిద్దుకున్నారు గానీ, సూత్రాన్ని వదల్లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నూరెకరాల అల్ఫాల్ఫా, డిక్రీ మూడు క్యూసెక్కులు అనుకుందాం. 150 రోజులు నిండుగా పారితే సుమారు 890 ఎకరా అడుగులు, అంటే 890 ఎకరాల్లో అడుగు లోతున నిలిచే నీరు. మన లస్కర్ లాంటి కాలువ మనిషి రాసిన పాత పుస్తకాలు తిరగేస్తే, మళ్లించింది 500 అని తేలుతుంది. దారిలో ఇంకింది పోగా పొలానికి చేరింది 400. అందులో 55 శాతం పంటకు అందితే 220. అమ్ముకోగలిగేది ఆ 220 మాత్రమే. మిగతాది నదికి తిరిగొచ్చేది, కాబట్టి దిగువవాళ్లది. ఆ రావడమూ వెంటనే కాదు, ఊట నెలల తరబడి మెల్లగా వస్తుంది. అంచేత కొన్న నగరం చలికాలంలో కూడా, సాగే లేని డిసెంబరులో సైతం, ఆ ఊటకు బదులు నదిలోకి నీరు వదలాలి.

1962లో గ్రీన్ వర్సెస్ చాఫీ డిచ్ కేసు, 1969లో ఏడు నీటి డివిజన్లను, వాటి కోర్టులను ఏర్పరచిన చట్టం ఈ పద్ధతిని గట్టిపరిచాయి. 1930ల చివర్లో ప్రభుత్వం తీయించిన విమాన ఫొటోలు, 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, ముసలి రైతుల ప్రమాణ పత్రాలు అన్నీ సాక్ష్యాలయ్యాయి. అయినా లెక్క సరిగ్గా తేలినంత మాత్రాన ఊరు నిలబడుతుందని కాదు. క్రౌలీ కౌంటీలో కొలరాడో కెనాల్ నీళ్లు నగరాలకు వెళ్లాక పొలాల్లో మిగిలింది కలుపూ దుమ్మూ. దిగువ హక్కుదారుకు నష్టం లేకుండా చూసిన లెక్కలో ఆ ఊరి బడికీ బజారుకూ గడి లేదు.

ఈ లెక్క మనకూ కొత్త కాదు. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1960 నాటి వాడకాలకు రక్షణ ఇస్తూ కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు గుర్తించింది. పొలాల నుంచి నదికి తిరిగొచ్చే నీటినీ విడిగా లెక్కగట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 800 టీఎంసీలకు 11 కలిపింది. తర్వాత డెల్టా ఆధునికీకరణతో 29 టీఎంసీలు ఆదా అవుతాయని తేల్చి 20 భీమా ఎత్తిపోతలకు, 9 పులిచింతల ఆవిరి నష్టాలకు కేటాయించారు. డెల్టాకు 152.2 మిగిలింది.

కొలరాడోలో ఇలాంటి ఆదా చెల్లదు. నది ఒడ్డున నీళ్లు తాగే చెట్లు నరికి, మిగిలిన నీరు తమదేనన్న వాళ్లను 1974లో షెల్టన్ ఫార్మ్స్ కేసులో సుప్రీంకోర్టు వెనక్కి పంపింది. అక్కడ ఎగువ కాలువలో ఊరే చుక్క కోసం కూడా దిగువన ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. డెల్టాకు దిగువన ఉన్నది సముద్రం, దానికి హక్కు పత్రం లేదు. కాబట్టి మన లెక్క న్యాయమైనదే అనిపిస్తుంది. కానీ శివారు ఊళ్లలో కాలువ నీరు అందని వేళ రైతులు మురుగు కాలువ గట్టున ఆయిల్ ఇంజను పెట్టి నారుమళ్లు తడుపుకోవడం డెల్టాలో ఎవరైనా చూసే దృశ్యమే. ఎగువ మడుల నుంచి జారిన నీరే అది.